తొమ్మిదీ నాలుగుకు మోగిన హూటర్

మా రైల్వే కాలనీలో హూటర్ మోగితే, పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, ఆడవాళ్లు ముందు వేళ్లు ముడుచుకుంటూ కూతలు లెక్కపెడతారు. రెండు పొడుగు కూతలైతే ప్రమాదం మన యార్డులోనే. మూడైతే బయట ఎక్కడో, మెయిన్ లైన్ మాత్రం ఖాళీగానే ఉంది. నాలుగైతే మెయిన్ లైన్ మూసుకుపోయింది. ఆఖర్న ఒక పొట్టి కూత కలిసిందంటే ఇక ఎవరూ మాట్లాడరు. దెబ్బలు తగిలినవాళ్లున్నారు, డాక్టర్ల పెట్టె కూడా వెళ్లాలి అని దాని అర్థం. ఆ పొట్టి కూత కోసం అందరం ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం ఆగుతాం. రాకపోతే పాలగిన్నె దించుకుంటాం.

ఆ కూతలకు పరిగెత్తాల్సిన వాళ్లలో నేనొకణ్ని. మామూలు రోజుల్లో వ్యాగన్లు బాగుచేసే ఫిట్టర్ని. ఎక్కడైనా బండి పట్టాలు తప్పితే రిలీఫ్ ట్రైన్ ఎక్కాలి. హూటర్ మోగిన ముప్పై నిమిషాల్లో ఆ ట్రైన్ కదలాలని రూలు. అందుకే మా గ్యాంగు వాళ్లందరికీ పూరీ గేట్ అనే చోటే క్వార్టర్లు ఇచ్చారు. మా తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఈ బెంగాలీ ఊళ్లో ఇంజిన్లలో బొగ్గు వేశాడు. మా నాన్న ఇదే రిలీఫ్ ట్రైన్లో పనిచేసి రిటైరయ్యాడు. అన్నం తింటున్నవాడు తింటున్నట్టే లేచి, ఎడమచేత్తో చొక్కా భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. ఎంగిలి చెయ్యి దారిలో ఎక్కడో కడుక్కునేవాడు. నేను అలాంటివాడి కొడుకుని. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఆఖర్న చెబితే సిగ్గు రెట్టింపవుతుంది.

ఎదురు క్వార్టర్లో మా గ్యాంగు పెద్దాయన ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు, కాలనీ వరసలో బాబాయి. ఆయన భార్య నాకు పిన్ని. జాక్ ఎలా నిలబెట్టాలో, దానికింద చెక్క దిమ్మెలు ఎలా పేర్చాలో నాకు నేర్పింది బాబాయే. నాలుగేళ్ల కిందట పిన్నికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట నెమ్మదించింది గానీ బుర్ర మాత్రం మా అందరికంటే చురుకు. ఆమెకి నడుం దాటిన జుట్టు. కత్తిరించేస్తే సులువని అందరూ చెప్పారు, బాబాయి వినలేదు. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆమెని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, జడ అల్లేవాడు. వ్యాగన్లెత్తే చేతులు కదా, మొదట్లో ఆ జడ చూస్తే నవ్వొచ్చేది. ఏడాది తిరిగేసరికి మా ఆవిడ కూడా అంత నున్నగా అల్లలేదు. యార్డులో మేం ఆయన్ని జడమేస్త్రి అని ఏడిపించేవాళ్లం. "నేర్సుకోండ్రా, పింఛను వచ్చినాక పనికొస్తాది" అని నవ్వేవాడు.

ఇక నా సంగతి. మలంచా రోడ్డులో ఇడ్లీలు దొరికే ఒక కొట్టు ఉంది. అక్కడ, పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం చేసే ఒక తెలుగాయన పరిచయమయ్యాడు. నా ఈడువాడే. ఆప్షన్లు అనే మాట నేను ఆయన నోటే విన్నాను. తర్వాత ఆయన హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఆయన్ని తప్పుపట్టను. చట్నీ బాగుందని చెప్పినంత మామూలుగానే ఈ ఆప్షన్ల సంగతీ చెప్పాడు. నేను మాత్రం ఇంటికి తెచ్చుకుని మంత్రంలా జపించాను.

ఆప్షన్ అంటే షేరు కాదు. ఫలానా తేదీలోపు ఫలానా షేరు ఫలానా ధర దాటుతుందని నమ్మి, దాన్ని ఆ ధరకే కొనే హక్కుని కొనుక్కోవడం. దానికిచ్చే డబ్బే ప్రీమియం. షేరు దాటితే ఆ ప్రీమియం పెరుగుతుంది, మనం దాన్ని ఇంకొకరికి అమ్ముకోవచ్చు. దాటకపోతే సున్నా. ఒక్కసారి వస్తే చాలు, పదిసార్లు పోయింది గుర్తుండదు. ఆశ లావు, పీక సన్నం అని మా నాయనమ్మ ఊరికే అనలేదు.

షేర్ల బజారు తెరిచేది తొమ్మిదింపావుకి. కానీ తొమ్మిదినుంచే తెరమీద ఒక ధర కదులుతూ ఉంటుంది. ప్రీ-ఓపెన్ అంటారు. కొంటామన్నవాళ్ల మాటలు, అమ్ముతామన్నవాళ్ల మాటలు కలిపి, బజారు ఇంతకి తెరవొచ్చు అని చూపించే అంకె అది. ఆ ఏడెనిమిది నిమిషాల్లో ఎవరైనా తన మాట వెనక్కి తీసుకోవచ్చు. పెళ్లిచూపుల్లో మగపెళ్లివారి మాటలాంటిది. పైగా ఆప్షన్లకి ఆ సదుపాయం లేదు. షేరు ధర కళ్లముందు ఎగురుతున్నా, మన చేతిలో ఉన్న ఆప్షన్ని అమ్మాలంటే తొమ్మిదింపావు దాకా ఆగాల్సిందే. నాకు ఆ ఆగడమే రుచిగా ఉండేది. ఇంకా చేతికి రాని డబ్బుని పదిహేను నిమిషాలపాటు చూసుకోవచ్చు.

మా రైల్వేలో డిస్టెంట్ సిగ్నల్ అని ఒకటుంది. ముందున్న సిగ్నల్ ఎలా ఉందో అది డ్రైవరుకి ముందుగానే చెబుతుంది. దాన్ని నమ్మే బండి వేగంగా వస్తుంది. పుట్టినప్పటినుంచీ పట్టాల పక్కన పెరిగిన బుర్ర కదా నాది, తొమ్మిదింటి ధరని నేను డిస్టెంట్ సిగ్నల్ అనుకున్నాను. ఊళ్లో ఇంకెవడైనా అయితే ఇంత గట్టిగా నమ్మి ఉండడు.

ఆ వారం నాకూ బాబాయికీ రెండో షిఫ్టు. అంటే పొద్దున్నంతా ఇంటిదగ్గరే. మా ఆవిడ పిల్లని తీసుకుని ఊళ్లోనే సుభాష్‌పల్లిలో ఉన్న పుట్టింటికి వెళ్లింది. ముందురోజు మధ్యాహ్నం నేను ఒక కంపెనీ ఆప్షన్ కొన్నాను, సాయంత్రం దాని లాభనష్టాల ఫలితాలు వస్తాయని తెలిసి. ఫలితాలు బాగానే వచ్చాయి. తొమ్మిదింటికి వసారాలో కుర్చీ వేసుకుని, టీ గ్లాసు కింద పెట్టుకుని, ఫోన్ తెరిచాను. ఆ షేరు అంతకుముందు రోజు ముగిసిన ధరకంటే బాగా పైన కదులుతోంది.

తొమ్మిదీ నాలుగుకి హూటర్ మోగింది.

వేళ్లు ముడవక్కర్లేకుండానే లెక్క తెలిసిపోయింది. నాలుగు పొడుగు కూతలు. మెయిన్ లైన్ మూసుకుపోయింది. ఊపిరి బిగబట్టాను. పొట్టి కూత రాలేదు. ఎవరికీ దెబ్బల్లేవు, ఏదో గూడ్సు పడి ఉంటుంది, బొగ్గుకి ప్రాణం లేదు కదా అనుకున్నాను. ముప్పై నిమిషాలుంది. రిలీఫ్ ట్రైన్ నిలబడే సైడింగుకి సైకిల్ మీద ఏడు నిమిషాలు. తొమ్మిదింపావుకి బజారు తెరవగానే అమ్మేసి బయల్దేరినా ఇంకా టైము మిగులుతుంది. ఈ లెక్కంతా నేను ఫోన్ మీంచి కళ్లు ఎత్తకుండానే వేశాను.

బాబాయి సైకిల్ తీసుకుని మా గేటు దగ్గర ఒక కాలు ఆనించి ఆగాడు. వేళ్లకి ఇంకా కొబ్బరినూనె మెరుస్తోంది.

"ఒరే, నాలుగు. పొట్టిది నేదు. లెగు."

"నువ్వు నడు బాబాయ్, ఎనకే వచ్చేస్తన్నాను."

ఆయన నమ్మి వెళ్లిపోయాడు. నన్ను నమ్మకపోవడానికి ఆయనకి అప్పటిదాకా కారణం లేదు.

తొమ్మిదింపావుకి బజారు తెరుచుకుంది. షేరు పైనే తెరుచుకుంది కానీ ప్రీ-ఓపెన్‌లో చూపించినంత పైన కాదు. నా ఆప్షన్ అయితే నిన్న కొన్న ధరకంటే కిందనుంది. ఫలితాల ముందు ఆశ, భయం కలిసి ప్రీమియం ఉబ్బుతుంది, ఫలితాలు రాగానే ఆ ఉబ్బు దిగిపోతుంది, షేరు పెరిగినా సరే. ఇది నాకు తెలియదా అంటే తెలుసు. చదువుకున్నాను కూడా. కానీ పది నిమిషాల కిందట చూసుకున్న డబ్బు కళ్లముందే ఉంది, అది ఎవరో నా జేబులోంచి తీసుకున్నట్టు కోపం వచ్చింది. రెండు నిమిషాలు చూద్దాం, మళ్లీ లేస్తుంది అనుకున్నాను. రెండు నిమిషాలు ఐదయ్యాయి.

తొమ్మిదీ ఇరవైరెండుకి బాబాయి ఫోన్ చేశాడు. ఆయన పేరు తెరమీదికి వచ్చి ధరని కప్పేసింది. నేను కట్ చేశాను. ఆ పూట బాబాయికి నేను చేసిన పని ఏదంటే ఇదే. మిగిలినదంతా చేయకపోవడం, ఇదొక్కటి మాత్రం వేలితో చేసింది. తొమ్మిదీ ఇరవైతొమ్మిదికి మళ్లీ మోగింది. ఈసారి కట్ చెయ్యలేదు, మోగి మోగి అదే ఆగిపోయేదాకా అంకెల కోసం ఎదురుచూశాను. ముప్పై ఒకటికి ధర నేను కొన్నదాన్ని దాటి కొంచెం పైకి వచ్చింది. అమ్మేశాను. లాభమే. ఎంతో రాయను. రాస్తే ఇంతేనా అనో, అంతా అనో అనిపిస్తుంది, రెండూ నాకు పడవు.

సైకిల్ తొక్కుకుంటూ వెళ్లేసరికి సైడింగు ఖాళీగా ఉంది. రిలీఫ్ ట్రైన్ రూలు ప్రకారం టైముకే కదిలింది. పట్టాల మధ్య ఒక బీడీముక్క ఇంకా పొగ వదులుతోంది. చెప్పాపెట్టకుండా డ్యూటీ ఎగ్గొట్టినవాణ్నని రాసేసుకుని ఉంటారు, చార్జిషీటు తప్పదు అనుకున్నాను. నా భయమంతా నాకోసమే. ఇంటికి వెళ్తే ఎవరైనా చూస్తారని మలంచా వైపు తిప్పాను. అక్కడ ఉడికించిన బఠాణీల ఘుగ్నీ అమ్మే దాదా, "ఈవేళ డ్యూటీ లేదా" అని బెంగాలీలో మామూలుగా అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఆయనకి పెద్ద సంజాయిషీ చెప్పుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి తెలిసింది. టాటా వైపు వెళ్లే లైన్లో ఒక చిన్న స్టేషన్ దగ్గర బొగ్గు వ్యాగన్లు పట్టాలు తప్పాయి. జాక్ పని ఇద్దరు చెయ్యాల్సింది. వ్యాగన్ లేస్తున్నకొద్దీ ఒకడు కింద దిమ్మెలు దూర్చాలి, ఇంకొకడు జాక్ మీంచి కన్ను తియ్యకూడదు. బాబాయి దగ్గర రెండోవాడు నేను. నేను లేను. లైను తెరవాలని పైనుంచి తొందర. ఆయన ఒక్కడే రెండు పనులూ చేశాడు. జాక్ జారింది. కుడిచెయ్యి దిమ్మెకీ వ్యాగన్‌కీ మధ్య పడింది.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్లేసరికి రెండు వేళ్లు తీసేశారు. మూడోది ఉంది గానీ ఇక వంగదన్నారు. కట్టు మోచేతి దాకా ఉంది. నన్ను చూడగానే దగ్గరకి రమ్మని సైగ చేశాడు. తిడతాడేమో, తిడితే బాగుండును అనుకుంటూ వంగాను.

"నీ పేరు పిలిస్తే నాను పలికీసినాను. ఎనక పెట్టెలో ఎక్కినాడన్నాను. నువ్వు బండిలోనే ఉన్నావు, తెలిసిందా?"

"బాబాయ్, నేను..."

"ఏటీ సెప్పకు. దొంగ పలుకు పలికినానని తేలితే నీకే కాదు, నాకూ ఉజ్జోగం పోతాది. ఇంక ఎనిమిది నెల్ల సర్వీసుంది నాకు."

అది మా గ్యాంగులో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. బండి కదిలేముందు లిస్టు చదువుతారు. పరిగెత్తుకుంటూ వస్తున్నవాడికోసం పక్కవాడు పలుకుతాడు. వాడు ఎలాగూ వస్తాడు, ఆఖరి పెట్టెలో వేలాడుతూనైనా ఎక్కుతాడు. మా నాన్నకోసం కూడా ఎవరో ఎప్పుడో పలికే ఉంటారు. తేడా ఏమిటంటే ఆయన వచ్చేవాడు. నేను వస్తానన్న నమ్మకంతో బాబాయి పలికాడు, రాకపోయేసరికి ఫోన్లు చేశాడు. ఆ రెండు ఫోన్లూ కోపంతో చేసినవి కాదు. తను నాకోసం చెప్పిన మాట నిలబెట్టుకోవడానికి చేసినవి.

ఎంక్వైరీ జరిగింది. నేను వ్యాగన్‌కి అవతలివైపు గొలుసుల దగ్గర ఉన్నానని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. పేరు కింద తేదీ కూడా వేశాను, అదీ చెప్పాలి. గ్యాంగులో కొందరికి తెలిసే ఉంటుంది. ఎవరూ నోరు తెరవలేదు. రేపు వాళ్ల పేరుకి కూడా ఎవరో ఒకరు పలకాలి కదా. రెండోవాడికోసం ఆగకుండా పనిచేసినందుకు తప్పు బాబాయిదేనని తేల్చారు. ముప్పై ఆరేళ్ల సర్వీసులో మచ్చలేని మనిషికి ఆఖరి ఏడాది ఒక హెచ్చరిక కాగితం. దొంగకి తేలు కుట్టినట్టు నేను అంతా చూస్తూ కూర్చున్నాను.

తర్వాత కొన్నాళ్లు బాబాయి ఎడమచేత్తో, కుడిచేతి మిగిలిన వేళ్లతో జడ అల్లడానికి ప్రయత్నించాడు. మూడు పాయల్లో ఒకటి ఎప్పుడూ జారిపోయేది. మధ్యాహ్నానికి జడ విప్పారిపోయేది. చూడలేక మా ఆవిడే రోజూ వెళ్లి వేసి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు తిరిగొచ్చి, కళ్లు తుడుచుకుంటూ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆవేళ నేను పక్కన ఉండి లాగబట్టి బాబాయికి వేళ్లతో పోయిందని, లేకపోతే మనిషే దక్కేవాడు కాదని పిన్ని చెప్పిందట. ఇంత పని చేసి నాతో ఒక్కమాటైనా అనలేదేమని మా ఆవిడ మెచ్చుకోలుగా కోప్పడింది. ఆ పూట నాకిష్టమైన గుమ్మడికాయ పులుసు చేసింది. తిన్నాను. బాబాయి తన అబద్ధాన్ని సొంత భార్యకి కూడా చెప్పుకున్నాడని, నేను అందులో పులుసు పోయించుకుని తింటున్నానని తెలిసే తిన్నాను.

షేర్ల యాప్ తీసేశానంటే చదివేవాళ్లకి తృప్తిగా ఉంటుంది. తీసేశాను, రెండుసార్లు. తొమ్మిదైతే చెయ్యి ఇప్పటికీ జేబులోకి వెళ్తుంది.

బాబాయి రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కాబట్టి సుభాష్‌పల్లిలో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నారు. సామాను కట్టే రోజుల్లో, పింఛను కాగితాల పనిమీద ఆయన ఆఫీసుకి వెళ్లిన పూట, అటకమీది పెట్టెలు దించడానికి నేను వెళ్లాను. పిన్ని కిటికీ పక్కన అదే కుర్చీలో ఉంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆమె జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది.

నా చూపు కనిపెట్టి, ఇల్లు మారితే అంత దూరం మా ఆవిడ రోజూ ఎలా వస్తుంది, నిన్న తనే కత్తిరింపించేసుకున్నానని నెమ్మదిగా చెప్పింది. తల తేలికైపోయిందని కూడా అంది. పెట్టెలు దించడం మానేసి ఆమె కుర్చీ ముందు నేలమీద కూర్చున్నాను.

"పిన్నీ, ఆ రోజు నేను బాబాయి పక్కన లేను."

"తెలుసు" అంది.

నేను తలెత్తాను. ఆమె ఎడమచేత్తో కిటికీ దోమల జాలీని చూపించింది. బయటినుంచి చూస్తే ఆ జాలీ వెనక ఎవరున్నారో కనబడదు. లోపలినుంచి మాత్రం ఎదురుగా మా వసారా, కుర్చీ, పక్కనున్న తులసి కుండీతో సహా కనబడుతోంది.

"ఆయన ఎల్లిపోనారు. నువ్వు నెగనేదు. పిలుద్దారనుకున్నాను, ఈ గొంతు అంత దూరం రాదు. పొట్టి కూత నేదు కదా, పోన్లే అనుకున్నాను."

నేను అనుకున్న మాటే. కాకపోతే ఆమె కుర్చీలోంచి లేవలేదు, నేను లేవగలను. మరి మా ఆవిడతో అలా ఎందుకు చెప్పావని అడిగాను. ఆయన అలాగే చెప్పాడని, ఆయన మాట తను ఎలా కాదంటుందని అంది. తనకి తెలుసన్న సంగతి బాబాయికి తెలియదట. చెప్పొద్దని కూడా అంది.

నేను ఏడుస్తున్నాను, ఆమె చూడనట్టు బయటికి చూస్తోంది.

"ఒక్కటి అడగాలని ఉండిపోనాది బాబూ. అంతసేపు ఏటి సూస్తన్నావు ఫోన్లో?"

చెప్పాను. బజారు తెరవకముందు ఒక ధర కనబడుతుందని, అది నిజం ధర కాదని, తెరిచాక అమ్ముకోవచ్చని, ఆ రోజు తెరిచేసరికి ధర పడిపోయిందని, మళ్లీ లేస్తుందేమోనని ఆగానని. అంత చిన్న సంగతి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె శ్రద్ధగా, మధ్యలో ఆపకుండా, పక్కింటివాళ్ల కష్టం విన్నట్టు వింది.

"మరి అమ్మినావా?"

"అమ్మినాను పిన్నీ."

"పోన్లే" అంది. "అదైనా అయింది."

ఎత్తిపొడుపేమో అని ఆమె మొహంలోకి చూశాను. కాదు.